ఏ సిలిండర్ మిస్ కొడుతోంది?

కోతల కాలంలో దామరచర్ల మీదుగా అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డున మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే బండ్లలో పాత బొలెరో పికప్‌లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి స్లోలో నిలబడినప్పుడు గేర్ రాడ్ నుంచి సీటు దాకా ఊగిపోతుంటుంది. డ్రైవర్లు 'మిస్ కొడుతోంది' అంటారు. వెంటనే డీజిల్ పంపు విప్పించేవాళ్లు చాలామంది. నా ఉద్దేశంలో అది చివరి పని కావాలి. పంపు పనికి డబ్బు పోతుంది, సీజన్‌లో కిరాయిలూ పోతాయి.

ముందు ఆ ఊపు ఎక్కడిదో చూద్దాం. ఇది 2523 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్లంటే నాలుగూ కలిపి 1,600 మంటలు, సెకనుకు దాదాపు 27. అంత వేగపు అదురును రబ్బరు మౌంటింగులు చాలావరకు మింగేస్తాయి. ఒక సిలిండర్ మానేస్తే సెకనుకు దాదాపు 7 సార్లు తోపు తప్పుతుంది. నలుగురు మోస్తున్న మంచాన్ని ఒకరు వదిలేసినట్టు ఇంజన్ ఆ పక్కకు తూలుతుంది. ఇంత నిదానపు ఊపు రబ్బరుకు ఆగదు. రేజ్ చేస్తే తగ్గినట్టుంటుంది గానీ లోపం అక్కడే ఉంటుంది.

అదురు ఇలా లెక్కగా వస్తుంటే తప్పు ఒక సిలిండర్‌దే. ఇంజన్ ఒకసారి లేచి, ఒకసారి పడుతూ ఉంటే డీజిల్‌లోకి గాలి చేరిందేమో చూడాలి. డీజిల్ నొక్కితే దాదాపు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పంపు ఎంత తోసినా నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. 'ఎక్కడా లీకేజీ లేదు కదా' అనుకోవద్దు. ట్యాంకు నుంచి వచ్చే పైపు పీల్చే వైపుది. పాతబడి పగిలిన చోట డీజిల్ చుక్క బయటికి రాకుండానే గాలి లోపలికి పోతుంది. ఆ పైపు, క్లిప్పులు మార్చి, చేతి పంపు కొట్టి బుడగలు ఆగేదాకా ఎయిర్ తీస్తే చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది.

ఇక సిలిండర్ పట్టుకోవడం. ఇంజన్ స్లోలో ఉంచి, ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టును అర చుట్టు వదులు చేయాలి, పైన గుడ్డ కప్పాలి. ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. శబ్దం మారి ఇంజన్ ఇంకా కుంటితే అది బాగున్నట్టే. నట్టు బిగించి తర్వాతిదానికి పోవాలి. ఏది వదిలినా తేడా రాదో, అదే దొంగ. దాని నాజిల్‌ను పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి చూడండి. మిస్ కూడా నాజిల్ వెంట పోతే నాజిల్ సర్వీసు చేయిస్తే సరి. పోకుండా అక్కడే ఉంటే టాపెట్ గ్యాప్ చూసి, కంప్రెషన్ గేజీ పెట్టించాలి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని దాదాపు 18వ వంతుకు నొక్కితే పుట్టే 500 డిగ్రీలకు పైబడిన వేడే డీజిల్‌ను అంటిస్తుంది. వాల్వులో, రింగుల్లో ఆ గాలి జారిపోతే కొత్త నాజిల్ వేసినా మండదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి మానేస్తే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి.

ఈ నట్టు పరీక్ష మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకే. కామన్ రైల్ బండిలో ఆ నట్టును ముట్టుకోవద్దు. అక్కడ ఒత్తిడి 1,000 బార్‌లు దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

పొగ కూడా చెబుతుంది. ఘాటు డీజిల్ వాసనతో తెల్లగా వస్తే మండని డీజిల్, నీలంగా వస్తే కాలుతున్న ఇంజన్ ఆయిల్. నల్లగా వచ్చి బండి లాగకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. మిల్లుల ఊక, విష్ణుపురం సిమెంటు, లారీల దుమ్ము కలిసే ఈ ప్రాంతంలో బుక్కులో రాసిన గడువు కంటే ముందే అది మూసుకుపోతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ నాలుగు సిలిండర్లకూ గాలి తగ్గిస్తుంది. చిరిగినదైతే దుమ్మును లోపలికే పంపి రింగులను అరగదీస్తుంది. అందుకే దులిపి మళ్లీ పెట్టే ముందు లోపల లైటు పెట్టి, వెలుతురు చుక్కలా బయటికి వస్తోందేమో చూడండి. వస్తే ఆ ఫిల్టర్ పారేయండి.