మీకు తెలుసా? మిరప కల్లం దగ్గర కుక్క బతుకు

ఊరకుక్కలు ఎక్కువగా వానాకాలం చివర జతకట్టి, సుమారు 63 రోజులకు, చలికాలంలో పిల్లలు పెడతాయి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అది పత్తి తీతల కాలం, వెనకే మిరప కోతలు. కుక్కపిల్ల కళ్లు తెరవడానికి దాదాపు రెండు వారాలు, చెవులు వినబడడానికి మూడు వారాలు పడుతుంది. అక్కడి నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వయసు దాకా చూసినదే దానికి లోకం. కూలీల రాకపోకలు, ట్రాక్టరు మోత, మిరప టిక్కీలు (బస్తాలు) ఎత్తే సందడి నెమ్మదిగా అలవాటైన పిల్ల పెద్దయ్యాక మనిషిని చూసి బెదరదు. రాళ్ల దెబ్బలతో పెరిగినది భయంతో కరుస్తుంది. కాబట్టి ఈ వయసు కుక్కపిల్లను ఏడిపించవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పడం చాలా అవసరం. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి.

ఆరు నెలలు దాటాక కుక్కపిల్ల పిలిచినా రాదు, చెప్పులు కొరుకుతుంది. అది ఎదిగే వయసు లక్షణమే. కొడితే మాట వినదు సరికదా, భయం ముదురుతుంది.

ఎదిగిన కుక్క తన హద్దును కాస్తుంది, రాత్రి కల్లం దగ్గర అలికిడైతే మొరుగుతుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే, అంటే వాటి హద్దులోనే, వదలమన్నాయి. ఎండుమిర్చి ఘాటుకు కుక్క తుమ్ముతూ ముక్కును ముంగాళ్లతో రుద్దుకుంటుంది. దాన్ని గాలి వచ్చే వైపు, వేపనీడన, నీళ్ల తొట్టి అందేలా ఉంచాలి.

ముసలికుక్క రాత్రిళ్లు దారితప్పినట్టు తిరిగినా, ఇంట్లోనే మూత్రం పోసినా అది మొండితనం కాదు. చూపు, వినికిడి తగ్గి ఉండవచ్చు, మెదడు మందగించి ఉండవచ్చు, పశువైద్యుడికి చూపించాలి. నిద్రలో ఉన్నప్పుడు ఒక్కసారిగా తాకకుండా, ఎదురుగా వచ్చి పిలవాలి.