జవాబుకు ముందే నెమ్మది

పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసేనాటికి ఖైదులో ఉన్నాడు. బయటపడతాడో, ప్రాణమే పోతుందో తేలలేదు. ఆ ఉత్తరం నాలుగో అధ్యాయంలో, చింతపడుతూ కూర్చోకుండా మీ అవసరాలన్నీ దేవుడికి విన్నవించుకోండని చెబుతాడు. మన క్రైస్తవుల ఇళ్లలో గోడల మీదా, క్యాలెండర్ల మీదా తరచూ కనిపించే మాటే ఇది. అయితే అక్కడ పౌలు ఇచ్చిన హామీని నిదానంగా చదవాలి. అడిగినదల్లా దొరుకుతుందని ఆయన అనలేదు. అడిగినవాళ్ల మనసుకు దేవుడి శాంతి కాపలా కాస్తుందన్నాడు. కోరిక తీరడం ఒక సంగతి, మనసు కుదుటపడడం మరో సంగతి. సంఘాల్లో సాక్ష్యాలు వింటుంటే మాత్రం రెండూ ఒకటే అనిపిస్తుంది. ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, జబ్బు తగ్గింది, అందుకే నెమ్మదిగా ఉన్నామంటారు. ఆ సంతోషం నిజమైనదే. కానీ వీసా రానివాళ్లు, జబ్బు తగ్గనివాళ్లు కూడా ఆ పక్కనే కూర్చుని వింటుంటారు. వాళ్లకు ప్రార్థనలో ఏముంది? క్రైస్తవ విశ్వాసం ఇచ్చే శాంతి ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. బాధను ఉన్నదున్నట్టు దేవుడి ముందు పెట్టడంలోనే అది పుడుతుందని నా నమ్మకం. అది రావడానికి బాధ తీరాల్సిన పనిలేదు, బాధను దాచుకున్నవారికి మాత్రం అది దొరకదు.

బైబిల్లోని ప్రార్థన పుస్తకమంటే కీర్తనలే. ఆ 150లో దాదాపు మూడో వంతు విలాపాలు. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే ఇంకెన్నాళ్లని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు కీర్తనకారుడు. చివరికొచ్చేసరికి పాడతానంటాడు. మధ్యలో అతని పరిస్థితి మారిందనడానికి ఒక్క ముక్క కూడా లేదు. 88వ కీర్తనలోనైతే ఆ మలుపు కూడా ఉండదు, చీకటితోనే ముగిసిపోతుంది. అలాంటి కీర్తనను యూదులూ, వారి తర్వాత క్రైస్తవులూ పక్కన పెట్టకుండా తరతరాలుగా చదువుకుంటూ వచ్చారు. గెత్సేమనే తోటలో యేసు తనకు రాబోయే శ్రమను తప్పించమని మూడుసార్లు వేడుకున్నాడు. తనతో మేలుకుని ఉండమని శిష్యులను అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, శ్రమా తప్పలేదు. సిలువ మీద ఆయన వేసిన కేక 22వ కీర్తన మొదటి మాటే, అది కూడా ప్రశ్నే. సణగకూడదు, స్తుతించాలి అని పెద్దలు అంటుంటారు. ఆ మాటకూ బైబిల్లో ఆధారం ఉంది, అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగి శిక్ష పొందారు. కాకపోతే వాళ్లు తమ గుడారాల్లో కూర్చుని దేవుడి మీద తమలో తాము చెప్పుకున్నారు. కీర్తనకారుడు దేవుడికే చెప్పుకున్నాడు. యోబు కథ చివర్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. దేవుడు యోబును గట్టి ప్రశ్నలే అడిగాడు గానీ, ఆయన కోపగించుకున్నది తన తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన స్నేహితుల మీద. గుండె మండి తననే నిలదీసిన యోబు మాట్లాడిందే సరైనదన్నాడు.

ఇలాంటి ప్రార్థన మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో ఆధునిక చరిత్రలో చూడాలంటే 1956 జనవరి చివరి వారానికి, అమెరికాలోని మోంట్‌గోమరీ నగరానికి వెళ్లాలి. బస్సుల్లో నల్లజాతివారిని వేరుగా కూర్చోబెట్టడాన్ని నిరసిస్తూ 1955 డిసెంబరు 5న మొదలైన బహిష్కరణకు నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు, డెక్స్‌టర్ అవెన్యూ బాప్టిస్టు సంఘానికి పాస్టరు. తండ్రీ పాస్టరే, తాతా పాస్టరే. ఇంట్లో రెండు నెలలు దాటిన పసిపాప. చంపేస్తామంటూ ఇంటికి ఫోన్లు వచ్చేవి. జనవరి 27 రాత్రి అలాంటి ఫోను మరొకటి వచ్చాక ఆయనకు నిద్రపట్టలేదు. లేచి వంటింట్లో కాఫీ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పిరికివాడన్న పేరు రాకుండా ఈ ఉద్యమంనుంచి తప్పుకునే దారేదైనా ఉందా అని ఆలోచించినట్టు తర్వాత తన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. ఆ బల్ల మీదికి వంగి, బయటికి వినిపించేలా ప్రార్థించాడు. నాకు భయంగా ఉంది, నాలో శక్తి అయిపోయింది, ఇక ఒంటరిగా నావల్ల కాదన్నదే ఆ ప్రార్థన సారాంశం. విజయం కోసం, శత్రువుల నాశనం కోసం అడగకుండా తన ఓటమిని ఒప్పుకున్నాడు. దేవుడి సన్నిధిని అంతగా ఎన్నడూ ఎరగనని, అప్పుడే తన భయం సడలసాగిందని రాశాడు. బయట మాత్రం ఏదీ మారలేదు. మూడు రోజుల తర్వాత, జనవరి 30న, ఆయన సభలో ఉండగా ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపలున్న భార్య, పాప దెబ్బలు తగలకుండా బయటపడ్డారు. కోపంతో మూగిన జనంలో కొందరి చేతుల్లో ఆయుధాలున్నాయి. పగిలిన వరండాలో నిలబడి, ఆయుధాలు ఇంట్లో పెట్టెయ్యండి, శత్రువులను ప్రేమించండి అని చెప్పి అందరినీ పంపించాడాయన.

మతం మనిషిని మత్తులో ముంచి అన్యాయానికి అలవాటు చేస్తుందనేవారికి కింగ్ జీవితమే సమాధానం. ఆ వంటింటి ప్రార్థన ఉద్యమం విడిచిపెట్టాలనుకున్న మనిషిని ఉద్యమంలో నిలబెట్టింది. బహిష్కరణ మొత్తం 381 రోజులు సాగింది. అయినా ఆ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేం. అంతా దేవుడి చిత్తమేలే అని చెప్పి దెబ్బలు తినే ఇల్లాలిని ఊరుకోబెట్టే బోధ నిజంగానే మత్తుమందు. విలాప కీర్తన ఆ పని చేయదు. జరుగుతున్నది తప్పని పైకి చెప్పడంతోనే అది మొదలవుతుంది.

ఇదంతా మనసు తనకు తాను చెప్పుకునే ఓదార్పేనని మరికొందరంటారు. ఇందులో కొంత నిజముంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన ప్రయోగంలో, తమను కలచివేసిన అనుభవాన్ని, దాని తాలూకు భావాలతో సహా, వరుసగా నాలుగు రోజులు కాగితం మీద పెట్టిన విద్యార్థులు ఆ తర్వాతి నెలల్లో మిగతావారికన్నా తక్కువసార్లు వైద్యం కోసం వెళ్లారు. దాచుకున్న బాధ బయటపడితే మేలు కలుగుతుందన్నమాట. విశ్వాసి దీన్ని కాదననక్కర్లేదు, మనిషిని అలాగే నిర్మించినవాడే వింటున్నాడని అంటాడు. కాగితం వినదు. ప్రార్థించేవారు వినేవాడొకడున్నాడని నమ్మి, అతణ్ణి జవాబుదారీగా నిలబెట్టి మాట్లాడతారు. ఆ నమ్మకం నిజమో కాదో ప్రయోగశాల తేల్చలేదు. తేల్చాలని చూసినవారూ ఉన్నారు. హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని 6 ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఎవరో తెలియనివాళ్లు చేసిన ప్రార్థన వల్ల రోగులకు ప్రత్యేక ప్రయోజనం కనిపించలేదు. పైగా తమ కోసం కచ్చితంగా ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో ఇబ్బందులు కాస్త ఎక్కువగా వచ్చాయి. ప్రార్థనను మాత్రలాగా వేసి ఫలితం కొలవాలనుకుంటే జరిగేది ఇదే. నొప్పి పడుతున్న మనిషి తన దేవుడితో ఏం మాట్లాడుకున్నాడో ఆ లెక్కల్లోకి రాదు.

మరి డాక్టరు అక్కర్లేదా? చచ్చిపోతే బాగుండునని ఎడారిలో చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందుగా బోధ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. ప్రవక్త తిని మళ్లీ నిద్రపోయాడు, దూత మళ్లీ లేపి పెట్టాడు. దేవుడితో మాటలు ఆ తర్వాతే. మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్లను విశ్వాసం చాలలేదని నిందించేవారు ఈ కథ చదవాలి. అలాగే ప్రార్థన కూడికల్లో సాక్ష్యాలకు కేటాయించే సమయంలో కొంత, జవాబు రానివాళ్లకు కూడా ఇవ్వాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత వెంటనే స్తుతి పాట పాడించబోకుండా, ఆమెతో కలిసి 88వ కీర్తన చదివే పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉండాలి. చదివాక వివరణ చెప్పకపోయినా ఫరవాలేదు.