టీవీ ఆపాక మొదలయ్యే పాఠం



మొన్నామధ్య నరసాపురంలో పని చూసుకుని, పంటు మీద సఖినేటిపల్లి రేవుకి వస్తున్నాను. పక్కన నిలబడ్డ ఒకావిడ నన్ను పోల్చుకుని పలకరించింది. నేను అంతర్వేది దగ్గర ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నానని ఆవిడకి తెలుసు. "మీ బళ్ళో గోడకి పెద్ద టీవీ పెట్టారటగా టీచరుగారూ! ఇంకేం, పాఠాలన్నీ అదే చెప్పేస్తుంది. మీకు సుఖం" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. వశిష్ఠ గోదావరి దాటేలోపల చెప్పి ఒప్పించగలిగే సంగతి కాదది. ఆవిడకి చెప్పలేకపోయిన జవాబు ఇవాళ మీతో చెప్పుకుంటాను. ఇది మా బడికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మీ ఇంట్లో పిల్లవాడి చేతిలో ఉన్న ఫోనుకీ ఇదే వర్తిస్తుంది.

యంత్రం బడికి రావడం మనకి కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాదిపాటు, మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికావారి ఉపగ్రహాన్ని వాడుకుని, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. కోళ్ళగూటికి వేసే వలలాంటి ఇనపతీగల అల్లికతో పెద్ద పళ్ళెం చేసి, దాన్ని ఆకాశం వైపు తిప్పి పెడితే బొమ్మ వచ్చేది. పొద్దున పూట పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. మన భాషలో వచ్చిన కార్యక్రమాలు కర్నూలు, మెదక్, మహబూబ్‌నగర్ వైపు పల్లెలవాళ్ళు చూశారు. మా గోదావరి జిల్లాలకి ఆ భాగ్యం కలగలేదు. సెలవుల్లో ఆ టెలివిజన్ ద్వారానే వేలాదిమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. అంటే టీవీ పెట్టినా టీచరు అక్కర్లేదని ఆనాడు ఎవరూ అనుకోలేదన్నమాట. టీచరుకి ఇంకా ఎక్కువ తెలియాలనుకున్నారు.

రేడియో సంగతి చూడండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండువేల సంవత్సరం దాటాక, ఆకాశవాణి ద్వారా 'విందాం - నేర్చుకుందాం' అనే పాఠాలు బడిపిల్లలకి వచ్చేవి. వేళకి సెట్టు బల్లమీద పెట్టి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టేదాన్ని. మొదట్లో నాకో పొరపాటు అలవాటైంది. రేడియో మాట్లాడుతోంది కదా, ఈలోగా రిజిస్టర్లు రాసుకుందాం అని కూర్చునేదాన్ని. పాట వచ్చినంతసేపూ పిల్లలు తలలూపేవారు. తరవాత "ఏం విన్నారర్రా?" అంటే, "పాటండి" అనేవారు. ఏ పాటంటే గుర్తులేదు.

రేడియో పాఠం ఎలా ఉండాలో 1970ల్లోనే మధ్య అమెరికాలోని నికరాగువా అనే చిన్న దేశంలో ప్రయత్నించి చూశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు అక్కడి పిల్లలకి లెక్కలు రేడియోలో నేర్పారు. అందులో కిటుకు ఏమిటంటే, రేడియో ఊరికే మాట్లాడుకుంటూ పోదు. ప్రశ్న అడిగి కొన్ని క్షణాలు ఊరుకుంటుంది. ఆ క్షణాల్లో పిల్లలంతా గట్టిగా జవాబు చెప్పాలి. తరవాత రేడియో సరైన జవాబు చెబుతుంది. ఆ పద్ధతి చాలా దేశాలకి పాకింది. ఇది తెలిశాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. యంత్రం మాట్లాడేటప్పుడు కాదు, యంత్రం ఊరుకున్నప్పుడు బిడ్డ నేర్చుకుంటాడు. సెట్టు ఊరుకోకపోతే ఊరుకోబెట్టడం నా పని.

ఇక ఫోను. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నల్ల చుక్కలూ గళ్ళూ కలిసిన చిన్న చదరపు ముద్ర మీరు చూసే ఉంటారు. క్యూఆర్ కోడ్ అంటారు. పచారీ కొట్లో డబ్బు కట్టేటప్పుడు ఫోను చూపిస్తామే, అదే. దీన్ని 1994లో జపానులో మోటారు విడిభాగాల లెక్క చూసుకోవడానికి కనిపెట్టారు. మూడు మూలల్లో మూడు పెద్ద గళ్ళుంటాయి గమనించండి. ముద్ర ఎటు తిరిగి ఉందో ఫోను వాటిని బట్టే పోల్చుకుంటుంది. మిగతా నలుపు తెలుపు గళ్ళన్నీ కలిసి ఒక చిరునామా. ఫోను ఆ చిరునామా చదివి, అక్కడ ఉంచిన బొమ్మనో వీడియోనో తెచ్చి చూపిస్తుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన దీక్షా వేదికలో ఇలాంటి పాఠాలు పెట్టి ఉంచారు. ముద్ర పుస్తకంలో ఉంది, పాఠం మాత్రం ఎక్కడో ఉంది. మధ్యలో సిగ్నల్ లేకపోతే ఆ ముద్ర వట్టి ముగ్గే!

ఆ సంగతి 2020లో బాగా తెలిసొచ్చింది. మార్చిలో కరోనా వచ్చి బడులు మూసేశారు. పాఠాలు ఫోనులో పంపమన్నారు. పంపాను. మా పిల్లల్లో చాలామంది వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు. ఇంటికి ఒకటే ఫోను. అది నాన్నతోబాటు నావ ఎక్కి సముద్రం మీదకి పోతుంది. పోకపోతే ఎలా? తుపాను కబురు తెలిసేది దాంట్లోనేగా. నేను పొద్దున పంపిన పాఠం, ఆయన తిరిగొచ్చి వల సర్దుకుని పడుకునేవేళకి పిల్ల చేతికి వచ్చేది. అప్పటికి దాని కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. ఇది మా ఊరి గొడవ మాత్రమే కాదు. 2021లో 'అసర్' వారు దేశమంతటా విచారిస్తే, చదువుకునే పిల్లల ఇళ్ళలో మూడింట రెండువంతుల ఇళ్ళల్లో స్మార్ట్ ఫోను ఉంది. కాని ఫోను ఉన్న ఇళ్ళల్లో కూడా నలుగురు పిల్లల్లో ఒకరికి అది చేతికే అందడంలేదని తేలింది.

2021లో బడి మళ్ళీ తెరిచాక ఒక అమ్మాయి వచ్చి ముందు వరసలో కూర్చుంది. బడి మూసేనాటికి చిన్నచిన్న మాటలు కూడబలుక్కుని చదివేది. ఇప్పుడు 'ప'కీ 'వ'కీ తేడా మర్చిపోయింది. పుస్తకం తీస్తే తల దించేసుకుంటోంది. ఫోనులో అక్షరాల పాటలు బోలెడు చూసిందట. పాట మొత్తం అప్పచెప్పింది కూడా. అక్షరం చూపిస్తే మాత్రం బిక్కమొహం వేసింది. దానికి టీవీ పెట్టలేదు, ఫోను చూపించలేదు. సముద్రపు ఇసక పళ్ళెంలో పోసి, వేలు పట్టుకుని దిద్దించాను. దిద్దుతూ పైకి అనమన్నాను. రెండు నెలలు పట్టింది. అక్షరం కంటితో రాదమ్మా, వేలితో వస్తుంది, నోటితో వస్తుంది.

తరవాత 2023లో మా బడికి స్మార్ట్ టీవీ వచ్చింది. నాడు-నేడు పనుల్లో భాగంగా ప్రాథమిక పాఠశాలలకి ఇచ్చినవాటిలో ఒకటి. మొదటిరోజు పిల్లల ఆనందం చెప్పనలవి కాదు. తిమింగలం బొమ్మ గోడంత వచ్చేసరికి గుడిలో హారతి వేళలాగ నిశ్శబ్దమైపోయారు. నేనూ మురిసిపోయాను. అల్లరి లేదు, గోల లేదు. పాఠమయ్యాక ప్రశ్న వేశాను. ఒక్కరూ నోరు విప్పలేదు. రేడియో రోజుల పాటే మళ్ళీ ఎదురైంది నాకు. నిశ్శబ్దం వేరు, శ్రద్ధ వేరు.

అప్పటినుంచి రిమోటులో ఆపే మీట మీదే నా బొటనవేలు. రెండు నిమిషాలు నడిపించడం, ఆపడం, అడగడం. ఒకసారి నదులూ సముద్రమూ పాఠం నడుస్తోంది. నది సముద్రంలో కలిసేచోటు చూపించారు. అంతా ఒకటే నీలంరంగు. బొమ్మ ఆపి, "సంగమం ఎలా ఉందర్రా?" అన్నాను. వెనకాల గోడకి ఆనుకుని కూర్చునే ఒక కుర్రాడు లేచాడు. నెలలో సగం రోజులు బడికి రానివాడు, వచ్చినా నోరెత్తనివాడు.

"టీచరుగారండి, అదలా ఉండదండి. అన్నాచెల్లెళ్ళ గట్టు కాడ ఏటి నీరు వేరుగా ఉంటదండి, సముద్రం నీరు వేరుగా ఉంటదండి. పోటొస్తే సముద్రం ఏట్లోకి వచ్చేస్తదండి. అమావాస్యకి ఎక్కువొస్తదండి, అష్టమికి తక్కువండి" అన్నాడు.

క్లాసంతా వాడివైపు తిరిగింది. సోదరీమణులారా, వాడు చెప్పినది నూటికి నూరుపాళ్ళు శాస్త్రం. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరూ కలిసి నీటిని లాగుతారు కనక పోటు పెద్దది. అష్టమికి ఇద్దరూ చెరో వైపు నుంచి లాగుతారు. అందుకే చిన్నది. పుస్తకం చదవడం రానివాడికి ఇది ఎలా తెలుసు? వాళ్ళ ఇంట్లో అన్నం దీనిమీద ఆధారపడి ఉంది కనక.

ఆ రోజు టీవీ మళ్ళీ పెట్టలేదు. రేవులో ఒక వెదురు గడ పాతించి, దానిమీద వరసగా రంగుగీతలు గీయించాం. రోజూ బడి వేళకి నేనే వెళ్ళి ఫోనుతో ఫోటో తీసేదాన్ని. అయిదు రోజులయ్యాక చూస్తే ఒకరోజు నీరు పైన, ఒకరోజు కింద, ఏమీ పొంతన లేదు. నాకు పాలుపోలేదు. మళ్ళీ వాడే అందుకున్నాడు. "రోజూ ఒకే వేళకి రాదు కదండి పోటు. ఎనక్కి ఎనక్కి ఎళ్తదండి" అన్నాడు. నిజమే. చంద్రుడు రోజుకి కొంచెం జరుగుతాడు కనక పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పుస్తకంలో చదివానే గాని, నాకు తట్టనేలేదు సుమండీ!

అయితే అర్ధరాత్రీ అపరాత్రీ రేవులో నిలబడి ఫోటో తీసేదెవరు? వాళ్ళమ్మ ముందుకొచ్చింది. చదువు లేనిమనిషి. పోటు నిండే వేళ ఆవిడకి గడియారం అక్కర్లేకుండానే తెలుసు. ఆయన ఇంట ఉన్న రోజుల్లో వాళ్ళ ఫోనుతో, లేనప్పుడు పక్కింటివాళ్ళ ఫోనుతో, పగలు ఒకసారి గడ ఫోటో తీసి నాకు పంపేది. పదిహేను రోజులు, పదిహేను ఫోటోలు. వాటిని వరసగా పేర్చి టీవీలో వేశాం. అష్టమినాడు నీరు ఏ గీత దగ్గర ఆగిందో, అమావాస్య వెళ్ళిన మర్నాడు ఎన్ని గీతలు మునిగాయో పిల్లలే లెక్కపెట్టి నల్లబల్లమీద రాశారు. ఆ రోజు వాళ్ళమ్మని బడికి పిలిచాను. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, తను తీసిన ఫోటోలు గోడమీద ఒక్కొక్కటే వెళ్తూంటే చూసింది. "ఇదా చదువంటే!" అంది. మర్నాటినుంచి ఆ కుర్రాడు బడి మానడం తగ్గింది. ఇప్పుడు కూడబలుక్కునైనా చదువుతాడు.

టీవీ చెడ్డదని నేనెప్పుడూ అనను. మా పిల్లలు మంచుకొండ చూడలేదు, ఎడారి చూడలేదు. విత్తనం మొలకెత్తడం గంటల తరబడి చూస్తూ కూర్చోలేం. టీవీ నిమిషంలో చూపిస్తుంది. అందుకు దానికి దణ్ణం పెట్టవలసిందే. కాని కరెంటు పోతే అది గోడకి తగిలించిన నల్లబల్ల. ఉప్పుగాలికి తీగలు చిలుమెక్కుతాయి, గుడ్డ కప్పి కాపాడుకోవాలి. పైగా హాజరుకొక ఫోటో, భోజనానికొక ఫోటో, లెక్కలకొక ఆప్ అంటూ ఫోనే పంతులమ్మ సమయాన్ని తినేసే రోజులూ ఉన్నాయి. అటువంటప్పుడు యంత్రం బడికి వచ్చి టీచరుని పిల్లలకి దూరం చేసినట్టే. 2023లో యునెస్కోవారు ప్రపంచమంతటి బడులనీ పరిశీలించి ఒక నివేదిక ఇచ్చారు. పరికరాల వల్ల చదువు బాగుపడుతోందనడానికి గట్టి రుజువులు చాలా తక్కువనీ, టీచరు స్థానంలో కాక టీచరుకి తోడుగానే వాటిని వాడుకోవాలనీ దాని సారాంశం.

ఇక మీ ఇంటికి వస్తాను. పొయ్యిమీద కూర మాడుతుంటే, పసివాడు పేచీ పెడుతుంటే, ఫోను చేతికివ్వని తల్లి ఈరోజుల్లో ఎవరున్నారు చెప్పండి? అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. కాని అది చదువు కింద లెక్క వేసుకోకండి. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట మించకూడదనీ, ఇంకా తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బడికెళ్ళే పిల్లలు ఫోనులో పాఠం చూస్తుంటే మూడు పనులు చేసి చూడండి. మొదటిది, పక్కన కూర్చోండి, అయిదు నిమిషాలైనా సరే. రెండోది, మధ్యలో ఆపి, "ఇప్పుడేమవుతుందిరా?" అని అడగండి. జవాబు తప్పైనా పరవాలేదు, వాడు నోరు విప్పాలి. మూడోది, చూసినదాన్ని చేతికి పని చెయ్యండి. కొలతల పాఠం చూస్తే సోలా తవ్వా తెచ్చి బియ్యం కొలవమనండి. మొక్క పాఠం చూస్తే చారెడు మెంతులు మట్టిలో చల్లించండి. మీకు పెద్ద చదువు లేదని వెనకాడకండి. మా రేవులో ఫోటోలు తీసిన ఆ తల్లిని తలుచుకోండి.

పంటు మీద నన్నడిగినావిడ మళ్ళీ కనపడితే ఇంతే చెబుతాను: "అమ్మా, టీవీ వచ్చాక నా పని తగ్గలేదు. అది ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో చూసుకునే పని కొత్తగా వచ్చింది." అదుగో, ఆ పనిలో సగం మీదీనూ.