రొట్టె కోసే జపాను కత్తి

రొట్టె కోయడం కూడా ఒక విద్యేనా అని నవ్వేవారు, బేకరీ నుంచి అప్పుడే వచ్చిన రొట్టెను కూరగాయల కత్తితో ఒకసారి కోసి చూడాలి. పైచెక్కు తెగదు, లోపలి మెత్తన పిండిముద్దలా అణగిపోతుంది. విసుగు పుట్టి గట్టిగా నొక్కారా, కత్తి జారి వేలి మీదికి వస్తుంది. పిల్లలు తమ రొట్టె తామే కోసుకునే ఇళ్లలో యీ సంగతి కాస్త ఆలోచించవలసిందే.

జపాను వారు రొట్టెను ‘పాన్’ అంటారు. 1543లో తనెగషిమా దీవికి చేరిన పోర్చుగీసుల నుంచి వారికి దక్కిన మాట. బొంబాయి పావ్‌కూ అదే పుట్టినిల్లు. (మనకు మేస్త్రీనీ ఇస్త్రీనీ ఇచ్చిన భాషే మరి!) రొట్టె కోసే కత్తి ‘పాన్‌కిరి’. 1876లో మెయిజీ ప్రభుత్వం ఖడ్గధారణను నిషేధించాక, ఖడ్గాలకు పేరుమోసిన సెకి పట్టణంలోని కమ్మరులు ఇంటి కత్తుల వైపు మళ్లారు. సెకి నుంచీ, నీగతా ప్రాంతపు త్సుబమె, సంజో పట్టణాల నుంచీ నేడు మంచి రొట్టె కత్తులు వస్తున్నాయి.

కొనేటప్పుడు ముందు చూడవలసింది పేరు కాదు, పళ్లు. మన కక్కు కొడవలి సూత్రమే ఇక్కడా. పంటి మొన ముందుగా తగిలి, చేతి బలమంతా ఆ చిన్నచోట పడుతుంది కనుక నొక్కకుండానే చెక్కు తెగుతుంది. పళ్ల నడుమ పల్లాలు పీటకు తగలవు గనుక పదును చాలాకాలం నిలుస్తుంది. అయితే లోతుగా, వాడిగా ఉన్న పళ్లు గట్టి చెక్కుకు మంచివే గాని మెత్తని రొట్టెను చీల్చి పొట్టు రాలుస్తాయి. మన బజారులో దొరికేది ఎక్కువగా మెత్తని పాలరొట్టె. దానికి అలల్లాంటి నిస్సారపు పళ్లూ, పలుచని అలుగూ నప్పుతాయి. జపాను వారి ‘షొకుపాన్’ కూడా మెత్తనిదే కాబట్టి అక్కడి కత్తులు మనకు బాగా అక్కరకు వస్తాయి.

పొడవు 23 సెంటీమీటర్లకు తగ్గకూడదు. రంపంలా ముందుకూ వెనక్కూ లాగడానికి చోటుండాలి కదా. చాలావాటికి పళ్లు ఒక పక్కనే అరగదీసి ఉంటాయి. ఎడమచేతివాటం వారు అడిగి తీసుకోవాలి, లేకపోతే ముక్క వంకర పోతుంది.

వి.జి.10 వంటి జపాను ఉక్కు రాక్‌వెల్ కొలతలో 60 దాకా ఉంటుంది. జర్మను కత్తులు సాధారణంగా 56, 58. గట్టిదనంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. ఎముకలకూ, గడ్డకట్టిన మాంసానికీ వాడితే పళ్లు విరుగుతాయి. గాజు పలక మీద అసలే వద్దు, చెక్కపీట చాలు. మొద్దుబారితే వీధిలో వచ్చే సానవానికి ఇవ్వకండి. అతని చక్రం పళ్లన్నిటినీ ఒక్కమారే చదును చేస్తుంది. సన్నని గుండ్రని సానకడ్డీతో ఒక్కొక్క పల్లాన్నే రుద్దాలి.

ముందే కోసి సంచిలో కట్టిన రొట్టె నెలకు రెండుసార్లు తెచ్చుకునే ఇంటికి మాత్రం యీ ఖర్చు దండగ. ఇంట్లోనే రొట్టె కాల్చే ఇల్లాలికైతే మొదటి వారంలోనే తేడా తెలుస్తుంది. పండిన టమాటాలకూ, పుట్టినరోజు కేకుకూ కూడా అదే కత్తి పనికివస్తుంది.