ప్రభుత్వ విమానాశ్రయాల నష్టాలను ఎలా చదవాలి?

ప్రభుత్వ యాజమాన్యంలోని విమానాశ్రయం ఎంత సమర్థంగా నడుస్తున్నదో ఏడాది చివర తేలే లాభనష్టాలను బట్టి చెప్పడం పరిపాటి అయినప్పటికీ, 1995లో రెండు పాత సంస్థల విలీనంతో ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా విషయంలో ఆ ఒక్క అంకె చెప్పేది సగమే.

విమానం దిగినందుకు, నిలిచినందుకు, ప్రయాణికులు టెర్మినల్ వాడుకున్నందుకు వచ్చే రుసుములను వైమానిక ఆదాయమనీ, దుకాణాలు, పార్కింగ్, ప్రకటనలు, భూముల అద్దెల నుంచి వచ్చేదాన్ని వైమానికేతర ఆదాయమనీ అంటారు. ఒక ప్రయాణికుడిని లేదా వంద కిలోల సరుకును ఒక పని ప్రమాణంగా తీసుకొని, మొత్తం ఖర్చును ఆ ప్రమాణాల సంఖ్యతో భాగిస్తే, వేర్వేరు విమానాశ్రయాలను పోల్చడానికి వీలుంటుంది. అయితే కడప వంటి చోట ఈ కొలత కూడా జాగ్రత్తగా వాడవలసిందే. అక్కడ సిద్ధంగా ఉండవలసిన అగ్నిమాపక దళం స్థాయి ప్రధానంగా దిగే విమానం పొడవు, వెడల్పులను బట్టి నిర్ణయమవుతుంది కనుక, రోజుకు రెండు సర్వీసులే ఉన్నా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. పైగా ఎనభై సీట్లకు లోపు ఉండే దేశీయ విమానాలకు, అంటే చిన్న ఊళ్లకు వచ్చే ఏటీఆర్‌లకు, దిగే రుసుమే లేదు.

ఇలాంటి చోట్ల లోటును పెద్ద విమానాశ్రయాల మిగులే పూడ్చేది. 2006లో ఢిల్లీ, ముంబయిలను ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించినప్పుడు ఆదాయంలో వరుసగా 45.99, 38.7 శాతం వాటా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి దక్కేలా ఒప్పందం కుదిరింది. 2019 నాటి వేలంలో మాత్రం ప్రయాణికుడికి ఇంత అని కట్టే రుసుమే ప్రాతిపదిక కావడంతో, అహ్మదాబాద్‌కు 177 రూపాయలు, మంగళూరుకు 115 రూపాయలు గెలుపు ధరలయ్యాయి. తలల లెక్క సరిచూడడం తేలికే గానీ, దుకాణాల వ్యాపారం ఎంత పెరిగినా అందులో ప్రభుత్వానికి నేరుగా వాటా రాదు. ఇది చిన్న నష్టం కాదు.

2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన ప్రాంతీయ విమాన పథకమైన ఉడాన్ తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఈ పథకంలో గిట్టుబాటు కాని మేరకు సహాయం విమానయాన సంస్థకు అందుతుంది, విమానాశ్రయం మాత్రం తన రుసుములనే వదులుకుంటుంది. ప్రజల కోసం అలా వదులుకున్న సొమ్మును ప్రతి విమానాశ్రయం లెక్కల్లోనూ విడిగా చూపి, దానికి ప్రభుత్వమే పరిహారం చెల్లించినప్పుడు మాత్రమే, మిగిలిన నష్టానికి నిర్వాహకులను నిలదీయడం న్యాయమవుతుంది.