తెప్ప, వల, రొయ్యల చెరువు

సికింద్రాబాదునకు సముద్రము ఎటుచూచినను 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. రాంగోపాల్‌పేట చేపల బజారులో మంచుముక్కల నడుమ నిగనిగలాడు వంజరమును, చందువను చూచి బేరమాడు గృహిణికి అవి ఏ ఊరి రేవున పడవ దిగినవో తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును లేదు. అయినను ఈ జంటనగరములకు సముద్రముతో ఒక విచిత్రమైన సంబంధము కలదు. 1999లో స్థాపితమైన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రము, పొట్టిపేరున ఇన్‌కాయిస్, నగరపు అంచున ప్రగతినగరునందు ఉన్నది. 2007వ సంవత్సరము నుండి సునామీ హెచ్చరికలను పంపుచున్నదియు ఇచ్చటినుండియే.

ఈ కేంద్రము చేయు మరియొక పనిని గూర్చి మన శ్రోతలలో పెక్కుమంది విని ఉండరు. ఉపగ్రహములు సముద్రపు పైనీటి వెచ్చదనమును, నీటి రంగును కొలుచును. నీటిలో కంటికి కనరాని పచ్చని మొక్కలు పెరిగినచోట రంగు మారును. వానిని తిను చిరుప్రాణులు అచట చేరును. ఆ ప్రాణులకై చేపలు వచ్చును. చల్లని నీరు, వెచ్చని నీరు కలియు అంచులవెంబడి ఇట్టి మేత అధికముగా దొరకును. ఆ అంచులను గుర్తించి, ఏ రేవునుండి ఏ దిక్కునకు, ఎంత దూరమున, ఎంత లోతున చేప దొరకవచ్చునో తీరమునకు తెలుపుదురు. మబ్బు పట్టిన దినములలో ఉపగ్రహమునకు సముద్రము సరిగా కనిపించదు. అట్టిదినముల సమాచారము కుంటుపడును. ముసలి మత్స్యకారుడు నీటి రంగు చూచి, పక్షులు వ్రాలు చోటు చూచి చేసిన పనియే ఇది. చూపు మాత్రము ఆకాశమునకు ఎక్కినది.

మత్స్యకారులు మార్పునకు ఇష్టపడనివారు అను మాట పట్టణములలో తరచుగా వినవచ్చును. ఇది సత్యమునకు చాల దూరము. గడచిన డెబ్బది సంవత్సరములలో వారు మార్చుకొనినన్ని పనిముట్లను మరే చేతివృత్తివారును మార్చుకొని ఉండరు. చిక్కు వేరొకచోట ఉన్నది. ప్రతి మార్పునందును సముద్రముమీద వారి శక్తి పెరిగెను. ఒడ్డుమీద వారి పట్టు సడలెను. ఈ రెండును ఏలాగున జతగా నడచినవో చూపుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మన తూర్పుతీరములో పెక్కుభాగము రేవులు లేని ఇసుక ఒడ్డు. అలలు తీరమునకు అతి సమీపముననే విరుగును. అట్టిచోట మామూలు పడవ తలక్రిందులగును. తేలికపాటి దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్ప అట్లు కాదు. నీరు దుంగల సందులలోనుండి పైకి వచ్చి మరల క్రిందికి పోవునే గాని తెప్పను ముంచజాలదు. వేట ముగిసిన పిమ్మట దుంగలను విడదీసి ఎండలో ఆరబెట్టుదురు. నీరు పీల్చిన దుంగ బరువెక్కి మందగించును. తెప్పకు కావలసినవి కొయ్య, త్రాడు, తెరచాప, బాహుబలము. ఇంధనపు ఖర్చు లేదు. ఒక కుటుంబము తన కష్టార్జితముతో సమకూర్చుకొనదగిన సాధనము అది.

మొదట మారినది వల. నూలు వలను, జనపనార వలను చెట్టు బెరడు కషాయములో నానబెట్టి, వాడిన ప్రతిసారియు ఆరబెట్టవలెను, లేనిచో కుళ్ళిపోవును. 1950 తరువాత నైలాను వచ్చెను. అది కుళ్ళదు, తేలిక, నీటిలో కంటికి ఆనదు. చేప ఎక్కువగా పడెను. దీనిని కాదనువారు ఎవ్వరును లేరు. కాని పాత వల ఇంటి అరుగుమీద, ఆడువారి చేతులలో, వృద్ధుల చేతులలో తయారైనది. కొత్త వల కర్మాగారమునుండి రొక్కముతో కొనవలసినది.

తరువాత మోటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1979లో మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమమును ఆరంభించి, అలలను దాటి ఇసుకపై నేరుగా చేరగల మోటారు పడవలను రూపొందించుటకు పూనుకొనిరి. తెప్పకొయ్య కరవగుచుండుటచే 1990 ప్రాంతమున ఫైబరు తెప్ప వ్యాపించినది. ఆకారము పాతదే, పదార్థము కొత్తది. వెనుక పొడుగుపాటి కాడ గల చిన్న ఇంజను. తెరచాపతో అందని దూరములు దానికి అందినవి. కాని ఇంజనునకు ప్రతిదినమును నూనె కావలెను, చేప పడినను పడకున్నను. ఆ నూనెకు, పడవకు, వలకు ముందుగా సొమ్ము ఇచ్చువాడు చేపల వ్యాపారి. అతడు వడ్డీ అడుగకపోవచ్చును. పట్టిన చేపను తనకే ఇమ్మనును, ధర తానే చెప్పును. ఇది అప్పు అని పేరు పెట్టని అప్పు. తీరమున ఏ గ్రామమునకు పోయినను ఇట్టి ఏర్పాటు కనిపించును.

ఇక ఆడువారి సంగతి. తెప్ప ఒడ్డుకు చేరినపుడు ఇసుకమీదనే పాట జరుగును. భార్యయో, తల్లియో చేప పుచ్చుకొని, తట్టకెత్తి ఊరూర అమ్మును. మిగిలినదానిని ఉప్పువేసి ఎండబెట్టును. నెత్తళ్ళు, కవళ్ళు ఈ విధముగనే మన మెట్టప్రాంతముల సంతలకు చేరినవి. మరపడవలు విశాఖపట్టణము, కాకినాడ వంటి పెద్దరేవులలో దిగనారంభించిన పిదప టన్నుల లెక్కన పాట, మంచు పెట్టెలు, లారీలు వచ్చినవి. అచట తట్ట పట్టుకొని నిలిచిన స్త్రీకి చోటు ఇరుకైనది. మనకు సికింద్రాబాదులో తాజా సముద్రపు చేప దొరకుటకు కారణమైన మంచు, లారీ, రైలు ఆమె బేరమునకు పోటీ అయినవని మనము చేప కొనునపుడు తలచుకొనము.

ఒడ్డునకు ఆనుకొని గుల్లల వృత్తి ఒకటి కలదు. కాకినాడ అఖాతపు బురదనేలలో గుల్లలను ఏరి సున్నపు బట్టీలకు అమ్ముట పూర్వమునుండి ఉన్నదే; తాంబూలములోని సున్నము, గోడమీది సున్నము కొంత అక్కడిదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఎఱ్ఱని రక్తము గల ఒక జాతి గుల్లను అఖాతములోనే పెంచి చూచిరి. గుల్ల పెరిగినది, కాని మన తెలుగువారు గుల్లమాంసమును తినుటకు అంతగా అలవాటుపడనివారు. తినువారు లేని పంట ఎంత పండిన నేమి? పెంపకమున మన తీరమును మార్చివేసినది గుల్ల కాదు, రొయ్య.

1990 నాటికి టైగరు రొయ్యకు విదేశములలో మంచి ధర పలుకుచుండెను. నెల్లూరు జిల్లా కండలేరు వాగు వెంబడి, కృష్ణా గోదావరి ముఖద్వారముల వెంబడి చెరువులు త్రవ్విరి. త్రవ్వించినవారిలో వేటపై బ్రతుకు కుటుంబములవారు కొద్దిమంది. పొలము గలవారు, పట్టణములనుండి పెట్టుబడి తెచ్చినవారు అధికులు. మత్స్యకార కుటుంబములకు తొలిదినములలో దక్కినది రొయ్యపిల్లల వేట. ఏటిపాయలలో స్త్రీలు, పిల్లలు మొలలోతు నీట నిలిచి, సన్నని వలలతో వెండ్రుకవంటి పిల్లలను పట్టి లెక్కపెట్టి అమ్మెడివారు. హేచరీలు వచ్చిన పిమ్మట ఆ పనియు తరిగిపోయెను.

కండలేటిలో జరిగినది తెలిసికొనదగినది. ఒకే వాగునుండి వందలకొలది చెరువులకు నీరు తోడుదురు. వాడిన నీటిని ఆ వాగులోనికే వదలుదురు. ఒకని మురుగునీరు ఇంకొకని మంచినీరు అగును. 1994-95లో తెల్లమచ్చల వైరసు వచ్చినపుడు నీటితోపాటు రోగమును చెరువునుండి చెరువునకు ప్రాకినది. రొయ్య పెంకు లోపల తెల్లని చుక్కలు కనిపించిన కొలదిదినములలోనే చెరువు మొత్తము చచ్చును. ఈ వైరసు తినువారికి హాని చేయదు. పెంచినవానిని మాత్రము నిలువున ముంచును.

అదే కాలమున తమిళనాడునకు చెందిన సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యముపై సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు చెప్పెను. చెరువుల ఉప్పునీరు ఇంకి త్రాగునీటి బావులు చెడుట, మత్స్యకారులు సముద్రమునకు నడచు త్రోవలు చెరువుగట్లచే మూసుకొనిపోవుట కోర్టు దృష్టికి వచ్చినవి. తీరనియంత్రణ మండలములోని చెరువులను తొలగింపుమని ఆజ్ఞ అయ్యెను. కాని అది పూర్తిగా అమలు జరుగలేదు. 2005లో పార్లమెంటు తీర జలసేద్య ప్రాధికార సంస్థ చట్టమును చేసి, చెరువులు నమోదు కావలెనని విధించినది.

2009లో వనామీ అను పసిఫిక్ తీరపు రొయ్యను పెంచుటకు అనుమతి వచ్చెను. టైగరు రొయ్య అడుగున తిరుగును; వనామీ నీటి అన్ని మట్టములలోను ఈదును. అందుచే అదే చెరువులో ఎక్కువ పిల్లలను వేయవచ్చును. తల్లిరొయ్యలను విదేశములనుండి తెచ్చి మద్రాసులో కొంతకాలము వేరుగా ఉంచి పరీక్షింతురు. అవి కొన్ని నిర్దిష్ట రోగములు లేనివే గాని, రోగములు రానివి కావు. ఈ భేదమును గుర్తించక నష్టపోయిన రైతులు లేకపోలేదు. చదరపు మీటరునకు 60 పిల్లలకు మించి వేయరాదని నియమము. జాగ్రత్తపడిన రైతు పంటకు పంటకు నడుమ చెరువును ఎండగట్టును, నీటిని శుద్ధిచేసి నింపును, పక్షులు, పీతలు చొరకుండ త్రాళ్ళు, దడి కట్టును, రాత్రియంతయు నీటిని గిలకొట్టు ఏరేటర్లను త్రిప్పును. అమ్మకము కౌంటు లెక్కన. కిలోకు 30 తూగిన రొయ్య 30 కౌంటు, 100 తూగినది 100 కౌంటు. అంకె తగ్గినకొలది ధర హెచ్చు. దేశమున పెంచు రొయ్యలో సగమునకు పైగా ఆంధ్రప్రదేశ్‌దే. కొనువారిలో ప్రధానమైనది అమెరికా. 2025 ఆగస్టులో ఆ దేశము మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు గోదావరి జిల్లాల చెరువుగట్లపై ధర పడిపోయినది. వైరసునకు గట్టు కట్టవచ్చును. దీనికి గట్టు ఏది?

మరల సముద్రమునకు వత్తము. అచట నేర్పు పెరిగినకొలది తగవులును పెరిగినవి. వలకన్ను సన్నగిలినచో పిల్లచేప మిగులదు. 2022 జనవరిలో విశాఖ తీరమున రింగువలల విషయమై మత్స్యకార గ్రామముల నడుమనే ఘర్షణ జరిగెను. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేటకు నిషేధము. ఆ కాలమునకు రాష్ట్ర ప్రభుత్వము కుటుంబమునకు 2019లో 10,000 రూపాయల వంతునను, 2025లో 20,000 రూపాయల వంతునను ఇచ్చినది. రెండు నెలల గ్రాసమునకు అది చాలునా అని అడిగిన ఇంటి ఇల్లాలే సమాధానము చెప్పగలదు.

తుపానుల విషయమున మాత్రము మార్పు నిస్సందేహముగా మేలు చేసినది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనము మరణించిరి. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వందలాది మత్స్యకారులు సముద్రముమీదనే పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపైననే విరుచుకుపడినను ప్రాణనష్టము ఆ స్థాయిలో లేదు. వేటకు వెళ్ళరాదను హెచ్చరిక రేడియోలో, తరువాత ఫోనులో, ముందుగా అందుటయు, దానిని నమ్మి పడవలను నిలిపివేయుటయు ఇందుకు కారణములు. నమ్మకమే ఇక్కడ ముఖ్యము. వేట మానిన దినము తుపాను రాకున్నచో నష్టము మత్స్యకారునిదే.

ఉప్పాడ అనగానే మన గృహిణులకు జాందానీ చీర జ్ఞప్తికి వచ్చును. కాకినాడకు ఉత్తరమున ఉన్న ఆ ఊరిలో మత్స్యకారులు అనేకులు. వారి ఇండ్లు సంవత్సరమునకు కొన్ని చొప్పున సముద్రములో కలిసిపోవుచున్నవి. గోదావరి ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుట, కాకినాడ రేవు కట్టడములు, హోప్ దీవి ఇసుకదిబ్బ పెరుగుదల ఇందుకు కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇసుక నింపిన పెద్దసంచులతో గోడ కట్టిరి. అలలు దానిని చీల్చినవి. రాళ్ళు పోసిరి. రాళ్ళు పోసిన చోట ఫైబరు తెప్పను ఒడ్డునకు లాగుట అసాధ్యము, అడుగు పగులును. కావున రాళ్ళు లేని కొద్దిపాటి ఇసుకమేరలో పడవలన్నియు ఒకదానినొకటి ఒరసికొనుచు చేరును. ఆ పడవవాని చేతిలోని ఫోనులో ప్రగతినగరునుండి వచ్చిన సమాచారము ఉండవచ్చును. అది అతని రేవు పేరుతోనే మొదలగును. దిక్కు, దూరము, లోతు ఆ పిమ్మటివి.