ఇంటి చిట్టా, అప్పుల పద్దు

రుణశేషం, శత్రుశేషం, అగ్నిశేషం మిగల్చరాదని పెద్దలు చెప్పుదురు. ఈ మూడింటిలో నిప్పు కంటికి కనిపించును, శత్రువు ఎదుటపడును. అప్పు మాత్రం కాగితం మీద పెట్టుకొననంతవరకు కనిపించదు. నెలనెలా ఎవరో వచ్చి అడుగుచుందురు, ఎంతో కొంత ఇచ్చి పంపుచుందుము. అసలెంత తగ్గినదో, వడ్డీకెంత పోయినదో అడిగినచో ఇంటిలో ఒక్కరికీ సమాధానం తెలియదు. అప్పు తీర్చుచున్న కుటుంబం తన నిత్యవ్యయాన్ని ఏ విధంగా వ్రాసుకొనవలెనో, దానివల్ల కలుగు ప్రయోజనమేమో సోదాహరణంగా వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్కల భాష మనందరిదీ

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించును. లెక్కల విషయంలో ఈ రెండు భాషలూ ఒకే పెట్టెలోని నాణేలవంటివి. జమ, బాకీ, అసలు, వసూలు, వాయిదా, నగదు అను మాటలు అరబ్బీ నుంచి వచ్చినవి. ఖర్చు, రసీదు అనునవి ఫారసీ పదాలు. అప్పు తెలుగు మాట. వడ్డీ అనునది సంస్కృతంలోని ‘వృద్ధి’ నుంచి పుట్టినది. ఇన్ని భాషలవారు కలిసి ఇచ్చిపుచ్చుకొన్న చోటనే మన పద్దుల పుస్తకం తయారైనది.

వ్రాతకు మతధర్మంలోనూ ఆధారమున్నది. ఖురాను గ్రంథమంతటిలోను అతి దీర్ఘమైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పును గురించినది. గడువుగల అప్పును వ్రాతలో పెట్టుకొనవలెనని, అప్పు తీసుకొన్నవాడే వ్రాయించవలెనని, సాక్షులుండవలెనని, చిన్న మొత్తమైనా వ్రాయుటకు విసుగు చెందరాదని దాని సారాంశం. దానికి ముందే, 280వ ఆయత్‌లో, ఇబ్బందిలోనున్న రుణగ్రస్తునికి గడువియ్యవలెనని ఉన్నది. దయకు, లెక్కకు వైరం లేదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇతర దేశాలలోను ఈ విద్యకు గౌరవమున్నది. 1494లో వెనిస్ నగరంలో లూకా పచియోలీ అచ్చువేయించిన గణితగ్రంథం వర్తకుల జమాఖర్చు పద్ధతిని లోకానికి వివరించినది. 1904లో జపాను దేశంలో హని మొతొకొ అను పాత్రికేయురాలు గృహిణుల కొరకు ఇంటి లెక్కల పుస్తకాన్ని ప్రకటించినది. వర్తకుని దుకాణంలోని విద్య అట్లు వంటింటికి చేరినది.

కొల్లేటి సీమలో రాబడి తీరు

మండవల్లి గుడివాడ–భీమవరం రైలుమార్గంపై నున్న ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరుగువరకు కృష్ణా జిల్లాలో నుండి, పిదప ఏలూరు జిల్లాలో చేరినది. ఈ సీమలో రాబడి నెలనెలా సమానంగా రాదు. వరి రైతుకు సార్వా, దాళ్వా నూర్పిళ్ళనాడే డబ్బు కనిపించును. చేపల చెరువువానికి పట్టుబడి నాడు, బొచ్చె, శీలావతి చేపలు మంచుతో లారీలకెక్కి కలకత్తా దారి పట్టిననాడే డబ్బు. చెరువు కాపలావానికి నెలజీతం, కూలికి రోజుకూలి. ఖర్చు మాత్రం అందరికీ ప్రతిదినం ఉండును. రాబడికి, ఖర్చుకు నడుమనున్న ఈ ఎడంలోనే అప్పు ప్రవేశించుచున్నది.

దీనికితోడు నీటి భయమొకటి. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు కొల్లేటిలో పడగా, ఆ నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రం చేరవలసి యున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంకగ్రామాల రాకపోకలు స్తంభించినవి. పని నిలిచిన ఆ దినాలలోను అప్పుల వాయిదాలు ఆగవు.

2006వ సంవత్సరం ఈ ప్రాంతానికి రెండు విధాల స్మరణీయం. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటింపబడిన కొల్లేటిలో, ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం కొట్టివేయించినది. ఆ యేడే మార్చి మాసంలో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను సుమారు 50 వరకు మూయించిరి. అధికవడ్డీ, నిర్బంధవసూళ్ళు అను ఫిర్యాదులు దానికి కారణాలు. ఒకే ఇంటివారు ఒక సంస్థ వాయిదా కట్టుటకు మరొక సంస్థ వద్ద అప్పు చేయుట అప్పటి పరిస్థితి. నాలుగేండ్ల పిదప రాష్ట్రంలో రుణభారంతో ఆత్మహత్యలు జరిగినట్లు వార్తలు రాగా, 2010 అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర శాసనం తెచ్చినది. మరుసటి యేడు అది చట్టమైనది. సూక్ష్మరుణ సంస్థ అసలుకు మించి వడ్డీ వసూలు చేయరాదని ఆ చట్టం చెప్పినది.

ఇటువంటి రక్షణ కొత్తది కాదు. ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో నుండగా 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణోపశమన చట్టం ప్రకారం, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు ఋణవిముక్తుడు. కాని ఎంత చెల్లించినదీ వ్రాతమూలకంగా చూపలేనివానికి ఏ చట్టమైనను ఏమి చేయగలదు? చట్టం ఇచ్చిన హక్కును ఇంటికి తెచ్చునది పద్దుల పుస్తకమే.

మొదటి పుస్తకం: అప్పుల పద్దు

అప్పు తీర్చదలచిన కుటుంబానికి రెండు పుస్తకాలు చాలును. మొదటిది అప్పుల పద్దు. ఒక్కొక్క అప్పుకు ఒక్కొక్క పుట కేటాయించవలెను. ఎవరి వద్ద, ఏ తేదీన, అసలెంత, వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, తాకట్టు ఏమి, హామీ ఎవరు అను వివరాలు పుట పైభాగంలో ఉండవలెను. క్రింద ప్రతి చెల్లింపును తేదీతో వ్రాసి, అందులో వడ్డీకి పోయినదెంత, అసలుకు చేరినదెంత అని వేరుచేయవలెను. ఈ వేరుచేయుటలోనే రహస్యమంతయు నున్నది. కిరాణా కొట్టు బాకీ, బంధువుల చేబదులు కూడ ఇందులో చేరవలెను. వడ్డీ లేదను నెపంతో వానిని విడిచినచో మొత్తం తేలదు.

అప్పులన్నింటి వడ్డీని ఒకే కొలతకు తెచ్చుట తరువాతి పని. ఊరిలో ‘నూటికి రెండు రూపాయలు’ అన్న, నెలకు రెండు, అనగా ఏడాదికి నూటికి 24. బ్యాంకువారు చెప్పు తొమ్మిది ఏడాదికి తొమ్మిది. మాట వినుటకు రెండు చిన్నది, తొమ్మిది పెద్దది. ఏడాది లెక్కకు తెచ్చినపుడు నిజం బయటపడును.

వారపు వాయిదాల అప్పు ఇంకను మాయదారిది. పదివేలని చెప్పి ముందే వేయి తగ్గించి తొమ్మిదివేలు చేతికిచ్చి, వారానికి వేయి చొప్పున పది వారాలు వసూలు చేసిరనుకొందము. చూపునకు పదివేలకు వేయి, అనగా నూటికి పది. కాని వారంవారం తిరిగి కట్టుచుండుటవల్ల మన చేతిలో సగటున నిలిచిన సొమ్ము సుమారు అయిదువేలే. అయిదువేలకు పది వారాలలో వేయి వడ్డీ అయినచో, ఏడాదికి నూటికి నూరు దాటును.

నోటు తిరగవ్రాయుట మరొక ప్రమాదం. 1963 నాటి కాలపరిమితి చట్టం వలన, అడిగినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటుకు గడువు మూడేండ్లు. అందుచేత మూడేండ్లు నిండువేళకు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు వ్రాయించుకొందురు. 60,000 రూపాయలకు నెలకు రెండు రూపాయల వడ్డీతో మూడేండ్లకు వడ్డీ 43,200. కొత్త నోటు 1,03,200 అగును. మరి మూడేండ్లకు దానిపై వడ్డీ 74,304. ఆరవ యేట బాకీ 1,77,504. బారువడ్డీయే అయినచో 1,46,400తో ఆగెడిది. ఒక్క సంతకం ఖరీదు 31,104 రూపాయలు.

రెండవ పుస్తకం: చిట్టా

రెండవది దినచర్య వంటి చిట్టా. తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ అను అయిదు గళ్ళు గీసిన నోటుపుస్తకం చాలును. ప్రతిరాత్రి వ్రాసి, నిల్వను పెట్టెలోని సొమ్ముతో సరిచూడవలెను. సరిచూడని చిట్టా ఉత్త జాబితా మాత్రమే. ఇరవై రూపాయలు తేడా వచ్చినచో ఎవరినీ నిందింపక ‘తెలియనిది’ అని వ్రాసి ముందుకు సాగవలెను. నెలాఖరున ‘తెలియనిది’ మొత్తం ఎంతో చూచినచో, ఇంటిలోని చిల్లు ఎంతటిదో తెలియును.

2016లో యూపీఐ పద్ధతి వచ్చిన పిదప చెల్లింపులు చాలవరకు ఫోనులోనే సాగుచున్నవి. నోటు చేయి మారునప్పుడు కలుగు సంకోచం ఫోనులో కలుగదు. అయినను ప్రతి చెల్లింపునకు తేదీతో ఆనవాలుండును కనుక, రాత్రి దానిని చూచి చిట్టాలోకి ఎక్కించుట సులభం.

నెలాఖరున ఖర్చులను తిండి, చదువు, వైద్యం, ప్రయాణం, ఫోను, పండుగలు–పెండ్లిళ్ళు, చిల్లర, అప్పుల చెల్లింపు అను పద్దులుగా విభజించవలెను. రంజాను, బక్రీదు, సంక్రాంతి, క్రిస్మసు, కళాశాల రుసుము—ఇవి ఆకస్మిక ఖర్చులు కావు. వీని రాక ముందే తెలియును. ఏడాదికి వీనికి 24,000 రూపాయలు కావలసియున్నచో నెలకు రెండువేలు విడిగా ఉంచవలెను. అట్లుంచని ఇల్లు పాత అప్పును ఒక చేత తీర్చుచు, పండుగకు మరొక చేత కొత్త అప్పు చేయుచుండును. జ్వరాలకు, వరదలకు కొంత సొమ్మును కదల్చక ఉంచుట కూడ ఇందుకే.

ఒక ఉదాహరణం

నెలకు 19,000 రూపాయల రాబడిగల ఒక కుటుంబాన్ని ఊహింతము. నోటు మీద అప్పు 60,000, వడ్డీ నూటికి రెండు. బ్యాంకులో బంగారంపై అప్పు 40,000, వడ్డీ ఏడాదికి తొమ్మిది. కొట్టు బాకీ 6,000. నోటుకు నెలకు 1,200 వడ్డీ కట్టుచున్నారు. అప్పు తీర్చుచున్నామనే వారి నమ్మకం. రెండున్నర ఏండ్లు అట్లు కట్టినచో 36,000 చెల్లును, 60,000 అసలు చెక్కుచెదరక నిలుచును.

రెండు నెలలు చిట్టా వ్రాసిన పిదప చిల్లర తినుబండారాలకు 600, అవసరం లేని రెండవ ఫోను రీచార్జికి 300, అరువు కొట్టులో ఎక్కువ ధరలకు 400, తగ్గించదగిన పెట్రోలుకు 200, వెరసి 1,500 రూపాయలు తేలినవనుకొందము. ఎవరి కంచంలోను మెతుకు తగ్గలేదు. ఈ 1,500ను మూడప్పులకు పంచక, వడ్డీ అధికమైన నోటుకే కట్టవలెను. నెలకు 2,700 చొప్పున చెల్లించినచో మొదటినెలలో 1,200 వడ్డీకి, 1,500 అసలుకు పోవును. రెండవనెలలో అసలు 58,500 గనుక వడ్డీ 1,170, అసలుకు 1,530. ఇట్లు ప్రతినెల వడ్డీ తగ్గుచు, అసలుకు చేరునది పెరుగుచు, ముప్పదవ నెలలో నోటు తీరిపోవును. మొత్తం వడ్డీ సుమారు 20,000. ఆపైన ఆ 2,700 రూపాయలను బంగారం అప్పు వైపు మరల్చవచ్చును. భాగాలుగా అసలు తీసుకొనుటకు నోటుగలవారు అంగీకరించుట దీనికి అవసరం. ఆ మాట ముందే అడిగి ఖరారు చేసికొనవలెను.

చెల్లింపులో జాగ్రత్త

నోటు వెనుక ‘చెల్లు’ వేయునప్పుడు సంతకం చేయునది అప్పు తీసుకొన్నవాడు, నోటు ఉండునది ఇచ్చినవాని వద్ద. పైగా ఆ చెల్లు నోటు గడువును పొడిగించును. కావున డబ్బు ముట్టినట్లు ఇచ్చినవాని సంతకంతో వేరుగా రసీదు తీసుకొనవలెను. సాధ్యమైనచో బ్యాంకు ఖాతా ద్వారా చెల్లించవలెను. చివరి రూపాయి కట్టిననాడే నోటును తిరిగి పుచ్చుకొనవలెను. తీరిన అప్పుకు మిగిలిన నోటు ఆరని నిప్పువంటిది.

విద్యార్థుల కర్తవ్యం

చదువురాని ఇంటివారికి లెక్క తెలియదని తలచుట పొరపాటు. బంగ్లాదేశ్, భారతదేశం, దక్షిణాఫ్రికాలలో 250కి పైగా పేదకుటుంబాల ఏడాది పొడుగునా జమాఖర్చులను సేకరించి 2009లో వెలువరించిన ఒక గ్రంథం, వారు చేబదులు, పొదుపు, సంఘం, అరువు మొదలైన పలుమార్గాలను నేర్పుతో నడుపుచున్నారని చూపినది. మన గ్రామాలలోని మహిళా పొదుపు సంఘాల పంచసూత్రాలలో పుస్తకాల నిర్వహణ ఒకటి. అమ్మగారికి మనసులో లెక్క ఉన్నది. దానిని కాగితంపై నిలుపుట కళాశాలలో చదువుకొను బిడ్డ చేయదగిన సేవ.

ఇందులో విద్యార్థికి స్వార్థమూ లేకపోలేదు. లెక్కలేని ఇంటిలో అప్పులవాని ఒత్తిడి వచ్చిననాడు ముందుగా వాయిదాపడునది కళాశాల రుసుమే, ముందుగా చదువు మానునది తరచు ఆడపిల్లయే. చదువును ఒక పద్దుగా చిట్టాలో నిలిపిన ఇంటిలో దానిని తీసివేయుటకు ముందు నలుగురూ కూర్చుండి ఆలోచింతురు. అయితే పెద్దల గౌరవానికి భంగం కలుగరాదు. ‘నాన్నగారూ, ఈ నెల లెక్క చూతమా?’ అని అడుగవలెనే గాని, ఎందుకు ఖర్చుపెట్టితిరని నిలదీయరాదు. అప్పుల పద్దు ఇంటి గుట్టు. దానిని పరులకు చూపరాదు.

కళాశాల సంఘం వారికి ఒక విన్నపం. సంవత్సరారంభంలో ప్రతి విద్యార్థికి గళ్ళు గీసిన నోటుపుస్తకం ఒకటి ఇప్పించి, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులచే వడ్డీ లెక్కను, చిట్టా వ్రాయు విధమును ఒక పూట ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను చెప్పింపగోరుచున్నాను. దీనికగు వ్యయం స్వల్పం. ఏడాది చివరకు పది ఇండ్లలో పది నోట్లు తిరగవ్రాయబడక ఆగినను ఆ వ్యయం సార్థకమగును.